గుడిలో ఉండిపోయిన టైరు గొలుసులు

“గొలుసులు గుడిలో ఎట్టమన్నది ఎవులు? నువ్వు కాదేటి?” అన్నాడు మా ఆయన.

“నానే. ఎట్టమన్నాను. ఎట్టినారు, పసుపు రాసినారు, పూజ అయిపోనాది. ఇప్పుడు తెమ్మంతన్నాను.”

“రేపు మద్దేనం మల్లీ పూజయ్యేదాకా గుడిలోంచి ఒక్క సువ్వ కూడా కదపకూడదు. తెలీదేటి నీకు?”

“తెలుసు. రేపు పదకొండు గంటలకి నాను టెలుక్ ఆన్సన్ కచేరీలో ఉండాల. అది తెలీదేటి నీకు?”

“తెలుసు. గొలుసుల్నేకుండా ఈ వోనలో లారీ తీస్తే తిన్నగా కాలవలోకే ఎల్తాది. నా బుజం సూసుకో ఓపాలి.”

“అయితే నడపనంతావు.”

“గొలుసుల్నేకుండా నడపను. గొలుసులు ముట్టను. వోన ఆపగలవా? ఆపు, నడుపుతాను.”

అంతటితో ఆయన గుమ్మంలో కూర్చుని బీడీ ముట్టించాడు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను. కోపం తగ్గి కాదు. పొయ్యి మీద పప్పు ఉంది, అది మాడితే వృథా.

ఇది మెర్డేకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది దసరా నాటి సంగతి. మాది బాగన్ దాతుక్ వైపు కొబ్బరి ఎస్టేటు. ఆయన ఎస్టేటు లారీ నడిపేవాడు. నాది కాయలు కొట్టి కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో పని. అప్పటికి నాకు ముగ్గురు పిల్లలు, ఒక అత్తగారు, ఆ అత్తగారి నోరు.

టైరు గొలుసులంటే ఏమిటో ఈ కాలం పిల్లలకి తెలియదు. తెలిసినా, అవి చలిదేశాల సామాను అనుకుంటారు. సైబర్‌జయలో పనిచేసే మా మనవడు పోయిన ఏడాది సెలవులకి జపాను వెళ్లి, మంచులో నిలబెట్టిన కారు ఫోటో ఒకటి పంపాడు. చక్రాలకి గొలుసులు చుట్టి ఉన్నాయి. కింద “అమ్మమ్మా, ఇలాంటివి నువ్వు చూసుండవు లా” అని, ఇక్కడి పిల్లలు ప్రతి మాట చివరా తగిలించే ‘లా’తో సహా రాశాడు. చూడకపోవడమేమిటి? వాటిని నేను మట్టి రాలగొట్టి కడిగాను, తుప్పు పట్టకుండా కొబ్బరినూనె పూశాను, ఏ లింకు అరిగిందో వేలితో తడిమి చెప్పాను. మంచు చూడలేదు, అంతే. మాకు మంచు చేసే పనంతా మట్టి చేసేది.

మా ఎస్టేటు గేటు నుంచి తారు రోడ్డు తొమ్మిది మైళ్లు. సముద్రం ఒకప్పుడు వదిలేసి వెళ్లిన నేల అది, బూడిదరంగు బంకమన్ను. ఎండలో దాని మీద కొబ్బరికాయ పగలగొట్టవచ్చు. వాన పడిందంటే మనిషే నిలబడలేడు. బాటకి రెండు పక్కలా కాలవలు, లారీ మునిగేంత లోతు. అందుకని వానాకాలం రాగానే ఆయన వెనక చక్రాలకి గొలుసులు తొడిగేవాడు. గొలుసుల్ని బాట మీద నిచ్చెనలా తిన్నగా పరిచి, లారీని మెల్లగా వాటి మీదికి వెనక్కి తెచ్చి, రెండు కొసలూ చక్రం మీంచి తెచ్చి కొక్కెం తగిలించేవాడు. వంద గజాలు నడిపి మళ్లీ దిగి బిగించేవాడు. ఈ రెండోసారి బిగించడమే అసలు పని అనేవాడు. మొదటిసారి ఎంత బిగించినా నాలుగు తిరుగుళ్లకి వదులవుతాయి, వదులు గొలుసు టైరునీ కోస్తుంది, తనూ తెగుతుంది. తారు రోడ్డు రాగానే విప్పెయ్యాలి. గట్టి నేల మీద గొలుసు ఒక్క మైలు తిరిగితే మట్టిలో ఇరవై మైళ్లు తిరిగినంత అరుగుతుంది. ఇవన్నీ నేను ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఎస్టేటు బళ్లో నేను రెండో తరగతి దాకానే చదివాను. మిగతా చదువు ఇలాగే అయింది.

ముందటేడు వానల్లో ఒక గొలుసు తెగింది. లారీ పక్కకి జారి కాలవలోకి దిగింది. ఆయన భుజం ఎముక చిట్లి, నలభై రోజులు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాడు. ఆ ఏడు ఆయుధపూజకి కత్తులు, గునపాలు, స్పానర్లు అన్నీ గుడిలో అమ్మవారి ముందు పెట్టారు గాని, గొలుసుల్ని షెడ్డులో మూలన వదిలేశారు. అదే కారణమని నేను గట్టిగా నమ్మాను. ఈ ఏడు నేనే దగ్గరుండి గొలుసుల్ని కడిగించి, పసుపుకుంకుమలు పెట్టించి, గుడికి మోయించాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. మా ఎస్టేటులో బళ్ల పూజ వేరు, సామాన్ల పూజ వేరు. లారీకి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించేస్తే ఆ పూజ అప్పటికప్పుడు అయిపోతుంది. లారీ ఆ క్షణం నుంచి పనికి వెళ్లవచ్చు. గుడిలో పెట్టిన సామాను అలా కాదు. అది రాత్రంతా అమ్మవారి దగ్గర ఉండాలి. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు గంటలకి మళ్లీ పూజ చేసి, గుమ్మడికాయ కొట్టాక, పెద్దకంగాణి చేతి మీదుగా ఎవరిది వాళ్లు తీసుకోవాలి. కంగాణి అంటే కూలీలందరి మీద పెద్ద, గుడికీ పెద్ద. గొలుసులు లారీకే తగిలించి ఉంచితే ఆ నిమ్మకాయలతోనే వాటికీ విడుదల దొరికేది. గుడిలో పెట్టించి వాటిని కట్టిపడేసింది నేను. ఈ తప్పు ఇంకెవరి మీదా తోయను. అయితే ఆ సాయంత్రం ఆయనతో ఆ మాట అనలేదు. అని ఉంటే జన్మంతా చెప్పుకుని నవ్వేవాడు.

పూజ అయిన గంటకి వాన మొదలైంది. సన్నగా మొదలై, దీపాల వేళకి రేకుల మీద మాట వినపడనంతగా పెరిగింది.

నాకు ఆ కచేరీ ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మా ఆయన ఇక్కడే పుట్టాడు. పిల్లలు ఇక్కడే పుట్టారు. నేను మూడేళ్ల పిల్లగా మా అమ్మ ఒళ్లో శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చాను. మెర్డేకా వచ్చాక కిరాణి, అంటే ఎస్టేటు ఆఫీసు గుమాస్తా, అందరినీ పోగేసి చెప్పాడు. బయట పుట్టినవాళ్లు కచేరీకి వెళ్లి ఈ దేశం మనుషులమని రాయించుకోవాలి. ఈ మొదటి ఏడాదిలో వెళ్తే మలాయి భాషలో పరీక్ష ఉండదు, తరవాత అయితే ఉంటుంది. పిలుపు వచ్చిన రోజున పోనివాళ్లకి మళ్లీ పిలుపు ఎప్పుడో చెప్పలేమని కూడా అన్నాడు.

నాకు సంతలో మాట్లాడేంత మలాయి వచ్చు. పరీక్ష అంటే కాగితం, కలం, ఎదురుగా కూర్చున్న ఆఫీసరు. దానికి నేను సరిపోనని నాకు తెలుసు. తెలిసిన సంగతి దాచుకోవడం నాకు చేతకాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా అమ్మ అంతకు కొన్నేళ్ల ముందు, పుట్టినూరు ఒకసారి చూసి వస్తానని ఓడెక్కింది. ఆరు నెలల్లో వస్తానంది. తిరిగి వద్దామంటే ఆమె చేతిలో ఉండాల్సిన కాయితం లేదన్నారు. అక్కడే ఉండిపోయింది. ఉత్తరాలు వచ్చేవి, ఎవరి చేతనో రాయించినవి. నా పిల్లలకీ నాకూ మధ్య అలాంటి నీళ్లు రానివ్వకూడదని నేను నిశ్చయం చేసుకున్నాను. పిలుపు చీటీ వచ్చింది. తేదీ దసరా మర్నాడు. నాకూ, మా లైనులోనే, అంటే మా కూలీల ఇళ్ల వరసలోనే, ఉండే ఇంకో ఇద్దరు ఆడవాళ్లకీ ఒకే రోజు. మేనేజరు లారీ తీసుకెళ్లమని సెలవిచ్చాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, గొలుసులు తప్ప.

నడిచి వెళ్లొచ్చు కదా అని అడగవచ్చు. అవి ఎమర్జెన్సీ రోజులు, అడవుల్లో కమ్యూనిస్టుల తిరుగుబాటు సాగుతోంది. ఎస్టేటు ఇళ్ల చుట్టూ ముళ్లకంచె. సాయంత్రం గేటు వేస్తే మళ్లీ తెల్లవారి ఆరు గంటలకే తీసేవారు. ఆ మట్టిలో ఆరింటికి బయల్దేరి తొమ్మిది మైళ్లు నడిచి, బస్సు పట్టుకుని, పదకొండింటికి టెలుక్ ఆన్సన్ చేరడం ఎవరివల్లా కాదు.

పప్పు దించి, అరిటాకు ఒకటి నెత్తిన పెట్టుకుని, కంగాణి ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని తమలపాకు నములుతున్నాడు.

“వోనలో ఎందుకొచ్చినావమ్మా? పెసాదం సాల్నేదేటి?”

“పెసాదం సాలింది కంగాణిబాబూ. గొలుసులు కావాల.”

“ఏ గొలుసులు? మెళ్లోవా?”

“లారీవి.”

“రేపు పన్నెండు గంటలకి ఇస్తాను, పట్టుకెల్లు.”

“నాకు ఆరు గంటలకి కావాల.”

“ఆరు గంటలకి నీకోసం అమ్మోరు లెగుస్తాదేటి?”

“అమ్మోరు లెగవక్కర్నేదు. తాళం మీ మొలకే ఉంది కదా.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నోట్లో ఆకు ఉమ్మేసి, నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

“సూడమ్మా, నీ పని సిన్నదని నాననను. నీకు గొలుసిచ్చినానంతే, రేపు ఒకడొచ్చి కత్తి ఇమ్మంతాడు, ఇంకొకడు గునపం ఇమ్మంతాడు. ఈ పూజ నాది కాదు, రొండొందల ఇళ్లోళ్లది. ఏడాది నడిమిని ఎవులికి ఏలు తెగినా, ఆ రోజు తాళం తీసినావు కాబట్టే అని నన్నంతారు. నన్నొగ్గీసి నిన్నంతారు. మీ ఆయన్ని అంతారు. పడతావేటి?”

పడను. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ తాళం నా మొలకి ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని. ముందటేడు గొలుసు గుడిలో పెట్టకపోతే తెగిందని ఊరంతా చెప్పుకొచ్చిన నేనే, ఈ ఏడు దాన్ని పూజ మధ్యలో లాక్కుంటే ఏ మొహం పెట్టుకుని తిరుగుతాను?

“మరి గుడిలో ఎట్టని సామాను వోడుకోవచ్చునా?” అన్నాను.

“ఎట్టనిది నీ ఇంట్లో ఏటి మిగిలింది? అన్నీ నువ్వే మోసుకొచ్చినావు గదా, కత్తిపీట కాడ నుంచీ.”

“మిగిలిందో నేదో తరవాత. వోడుకోవచ్చునా నేదా?”

“పసుపు తగల్నిది మామూలు సామానే. దానికేటి. ఎల్లు, తడవకు.”

ఇంటికి వచ్చేసరికి మా ఆయన అదే గుమ్మంలో, ఇంకో బీడీతో ఉన్నాడు. మా అత్తగారు లోపల మంచం మీద కూర్చుని కాళ్లకి నూనె రాసుకుంటోంది.

“ఏటే, ఇచ్చినాడా?” అంది.

“నేదు.”

“ఇవ్వడు. మంచిపని సేసినాడు. అయినా ఆ కాయితం తెచ్చి ఏటి సేస్తావు, గోడకి అతికిస్తావా? నాకు కాయితం నేదు, నాను బతకట్లేదేటి?”

“నీకేటత్తా. నిన్ను ఎక్కించుకోడానికి ఏ ఓడోడికీ దయిర్యం సాలదు.”

మా అత్తగారు మంచం ఊగేలా నవ్వింది. ఆమెతో ఎప్పుడూ అలాగే మాట్లాడాలి. మెత్తగా మాట్లాడితే మన నెత్తిన ఎక్కేది.

నేను తడిచీర పిండుకుంటూ తల ఎత్తాను. అటక కింద దూలానికి నా తాళ్లు వేలాడుతున్నాయి. కొబ్బరి పీచు తాళ్లు. షెడ్డులో కాయల మీంచి ఒలిచిన డొక్కలు ఊరికే తగలబెట్టేవారు. ఒక వస్తువు పనికి రాకుండానే బూడిదవడం నేను చూడలేను. నాకు దొరికినన్ని తెచ్చి కాలవలో నానవేసి, కుళ్లాక కర్రతో బాది, పీచు తీసి, ఆదివారాలు మధ్యాహ్నం పూట తొడ మీద పేనేదాన్ని. ఎన్నేళ్లుగానో పేనాను. ఏం చేస్తావు వీటితో అని అందరూ అడిగారు. నాకూ తెలియదు. దేనికో దానికి వస్తాయని మాత్రం చెప్పేదాన్ని. దూలానికి చుట్టలు చుట్టలుగా ఉన్నాయి, ఒక్కదానికీ పసుపు తగల్లేదు.

“మావా,” అన్నాను, “గొలుసు టైరుకి ఏటి సేస్తాది?”

“మట్టిని పట్టుకుంతాది.”

“తాడు పట్టుకోదేటి?”

ఆయన నన్ను చూసి, దూలం చూసి, మళ్లీ నన్ను చూశాడు.

“తాళ్లు కట్టి తోలడానికి అది లారీయా, గేదా?”

“పట్టుకుంతాదా, పట్టుకోదా? డ్రైవరువి నువ్వు, సెప్పు.”

“పట్టుకుంతాది. అరమైలు పట్టుకుంతాది. తెగిపోద్ది.”

“అరమైలుకొకటి తెగినా పద్దెనిమిది. నా కాడ అరవై అవుతాయి. తెగిన కాడికల్లా దిగి ఇంకోటి కడదాము.”

“బుర్ర ఉండే మాటాడతన్నావా?”

“ఉండే. నీకు ఇంతకన్నా మంచి ఉపాయం ఉంతే సెప్పు, తాళ్ల మాట ఒగ్గీస్తాను.”

ఆయన బీడీ పారేశాడు. లాంతరు తీసుకుని, గోనెసంచి కప్పుకుని, లారీ షెడ్డు వైపు నడిచాడు. నేను వెనకే వెళ్లాను. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చక్రం రేకుకి ఉండే గుండ్రటి కన్నాల్లో ఒకదాంట్లోకి చెయ్యి దూర్చి, అవతల నుంచి వేళ్లు ఆడించి చూశాడు. నాకు ఆయన సంగతి తెలుసు. చెయ్యి దూర్చి చూశాడంటే ఒప్పుకున్నాడన్నమాటే. నోటితో మాత్రం, “తాళ్లు పట్రా, ఏడుపు ఎందుకు” అన్నాడు. నేను ఏడవలేదు. ఆయనకి ఏదో ఒకటి అనాలి కదా.

తాళ్లు దింపాను. అప్పుడు తెలిసింది ఇంకో చిక్కు. కోయడానికి కత్తి లేదు. మా ఇంట్లోదే కాదు, మొత్తం ఎస్టేటులో ఏ కత్తీ లేదు. కత్తిపీటలు, కొడవళ్లు, మంగలి కత్తి, అన్నీ గుడిలో. మా అత్తగారే కొబ్బరిచిప్పలో పొయ్యిలోంచి నిప్పులు వేసుకుని వచ్చింది. “కాల్సండి, కొయ్యడమెందుకు” అంది. అంతసేపూ వద్దన్న మనిషి ఆమె. పని మొదలయ్యాక దూరంగా కూర్చోవడం మాత్రం ఆమెకి రాదు. తాడు నిప్పుకి ఆనించి ఊదుతుంటే తెగిపోయేది, కొస కూడా విడిపోకుండా గట్టిపడేది. కత్తితో కోసినదానికన్నా బాగుంది.

తరవాత ముడుల దగ్గర మళ్లీ గొడవ. ఆయన పొడి తాడు కట్టబోయాడు.

“ఆగు, నానబెట్టనీ,” అన్నాను.

“బయట తడవదేటి?”

“తడిసినాక బిగుస్తాది. ఎక్కువ బిగిస్తే ముడి కాడ తెగుద్ది. ముందే నానబెట్టి కడితే ఉన్న కాడికే ఉంతాది. తాడు సంగతి నన్నడుగు, లారీ సంగతి నువ్వు సెప్పు.”

నీళ్ల పీపాలో తాళ్లు ముంచి ఉంచాము. ముడి టైరు మీద వేయబోతే ఈసారి నేను ఆయన మాట విన్నాను. ముడి నేలకి తగిలితే మొదటి తిరుగుడుకే అరిగిపోతుందని, పక్కకి, రేకు మీదికి వచ్చేలా వేయించాడు. తాడు కన్నంలోంచి దూర్చి, టైరు చుట్టూ తిప్పి, మళ్లీ అదే కన్నం దగ్గరికి తెచ్చి, మూడేసి చుట్లు వేసి ముడి. చక్రానికి పది. రెండు చక్రాలకీ కలిపి ఇరవై. మిగిలినవి తడిగోనెలో చుట్టి లారీ మీద పడేశాము. డొక్కలు నాలుగు బస్తాలు, కొబ్బరిమట్టలు ఒక మోపు కూడా వేయించాను. అన్నం వేళకి ఇంట్లో ఉన్నాము. కత్తిపీట లేదు కాబట్టి కూర లేదు. పప్పు, పులిహోర.

తెల్లవారి ఆరు గంటలకి వాన తుంపరగా మారింది గాని ఆగలేదు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఎక్కారు. ఇద్దరూ నాకన్నా పెద్దవాళ్లు. ఒకామె చక్రాలు చూసి, “ఇదేటే, లారీకి పట్టీలెట్టినావా?” అంది. రెండో ఆమె చూడనే లేదు, దేవుణ్ని తలుచుకుంటూ కళ్లు మూసుకుంది.

గేటు దగ్గర కాపలా మలాయి పోలీసు లాంతరు పట్టుకుని లారీ చుట్టూ తిరిగాడు. తిండి ఏదైనా బయటికి పోతే అడవిలోని వాళ్లకి చేరుతుందని ఆ రోజుల్లో గేటు దాటి మెతుకు కూడా పోనిచ్చేవారు కాదు. దేవుణ్ని తలుచుకునే ఆమె మొలలో పులిహోర పొట్లం దొరికింది. పారేయమన్నాడు. ఆమె అక్కడే నిలబడి, అతని ఎదురుగా, ఆఖరి మెతుకు దాకా తినేసింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

తరవాత అతను వెనక చక్రం మీద లాంతరు పెట్టి, “ఇదేమిటి?” అన్నాడు మలాయిలో.

“గొలుసు,” అన్నాడు మా ఆయన.

“గొలుసా? కెటుపట్ అల్లినట్టు అల్లారే!” అన్నాడతను. వాళ్ల పండక్కి కొబ్బరాకులో అల్లి ఉడికించే అన్నం పొట్లం అది. నిజంగా అలాగే ఉంది. నవ్వుకుంటూ గేటు తీశాడు.

మొదటి వంద గజాలకి మా ఆయన ఆపి, దిగి, ఒక్కో ముడినీ పట్టుకుని లాగి చూశాడు. గొలుసులకి చేసేదే తాళ్లకీ చేశాడు. నా వైపు చూడకుండా ఎక్కాడు. ఏదీ వదులవలేదన్నమాట.

లారీ మనిషి నడక కన్నా కొంచెం వేగంగా వెళ్లింది. రెండో మైలు దగ్గర మొదటి తాడు తెగింది. తెగినప్పుడు చక్రం లోపలి రేకుకి చప్ చప్ మని కొట్టుకుంటుంది, దాంతో తెలుస్తుంది. దిగి, కొత్తది కట్టి, కదిలాము. నాలుగో మైలు లోపల ఇంకో మూడు తెగాయి. కట్టడం చేతికి అలవాటయ్యాక ముగ్గురు ఆడవాళ్లం ఒక్కో కన్నం పట్టుకుని కట్టేవాళ్లం. ఆయన క్లచ్చి మీద కాలు పెట్టి పైనుంచి, “అయిందా, అయిందా” అని అరిచేవాడు.

ఆరో మైలు దగ్గర బాట పల్లంగా ఉంటుంది. ముందటేడు లారీ దిగిన చోటు అదే. అక్కడ వెనకభాగం ఎడమకి జారడం మొదలుపెట్టింది. మెల్లగా, ఎవరో పక్క నుంచి తోస్తున్నట్టుగా. కాలవ నీళ్లు నాకు కిందనే కనిపించాయి. ఆయన బ్రేకు వేయలేదు. వేస్తే జారడం ఆగదు, పెరుగుతుంది. స్టీరింగు జారుతున్న వైపుకే కొంచెం తిప్పి, కాలు ఎత్తేశాడు. నిలిచింది. కాలవ గట్టుకీ చక్రానికీ మధ్య నా మూర చెయ్యంత నేల మిగిలింది.

“దిగండి. కుడిపక్క నుంచి దిగండి,” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

దిగాము. ఎడమ చక్రానికి నాలుగు తాళ్లు ఒక్కసారే పోయాయి. అవి కట్టి, చక్రం ముందు డొక్కలు ఒత్తుగా పేర్చి, వాటి మీద మట్టలు అడ్డంగా వేశాము. మోకాళ్ల దాకా మట్టి.

“తొయ్యకండి,” అన్నాడాయన, “తోస్తే మీరే కాలవలో పడతారు. దూరంగా ఉండండి.”

“నువ్వు పడితేనో?” అన్నాను.

“నాను పడితే నాకు కాయితం ఉంది,” అన్నాడు. అలాంటప్పుడు కూడా ఆయన అలాగే మాట్లాడేవాడు.

లారీ ఒక్కసారి ఊగింది. డొక్కలు నలిగిన చప్పుడు. తాళ్లు మట్టల్ని పట్టుకున్నాయి, మట్టలు మట్టిని పట్టుకున్నాయి. మూడు మూరలు ముందుకి వచ్చి, బాట నడుముకి చేరింది. మేము ఎక్కాక ఆయన, “తాడు పట్టుకుంతాది,” అన్నాడు. అంతే. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆయన నోటి నుంచి నేను ఎన్నడూ వినలేదు, ఆశించనూ లేదు.

తొమ్మిది దాటకముందే తారు రోడ్డెక్కాము. తాళ్లు విప్పాలి. తడిసిన ముడులు రాళ్లలా ఉన్నాయి. మళ్లీ కత్తి లేదు. అగ్గిపెట్టె తీసి ఆయన కాలుస్తానన్నాడు. ఒప్పుకోలేదు. మళ్లీ ఇదే బాటలో ఇంటికి వెళ్లాలి, మంచి తాడు ఎందుకు తగలేయాలి? కొప్పులోంచి ఇనప పిన్ను తీసి, ఒక్కో ముడిలోకి గుచ్చి, వదులు చేసి విప్పాను. గోళ్లు రెండు విరిగాయి. తాళ్లు ఇరవై, ఇరవయ్యీ చుట్టి గోనెలో పెట్టాను. దారిలో తెగినవి పదమూడు.

లారీ చాటున మట్టిచీర విప్పి, తడవకుండా మైనపుగుడ్డలో చుట్టి తెచ్చుకున్న మంచిచీర కట్టుకున్నాను. కాలవలో కాళ్లు కడుక్కున్నాను. హుటాన్ మెలింటాంగ్ దాటి టెలుక్ ఆన్సన్ చేరేసరికి పదిన్నర. కచేరీ వరండాలో బల్ల మీద కూర్చున్నాము. గోడ మీద కొత్త జెండా బొమ్మ ఉంది. పదకొండుంపావుకి నన్ను పిలిచారు.

బల్ల వెనక ఇద్దరు, ఆఫీసరు, గుమాస్తా. ఆఫీసరు మలాయిలో అడిగాడు. ఎన్నేళ్లుగా ఉంటున్నావు? ఎంతమంది పిల్లలు? ఎక్కడ పుట్టారు? ఏం పని చేస్తావు? నేను సంతలో మాట్లాడే మలాయిలోనే చెప్పాను. ఇక్కడే ఉండిపోతావా అని అడిగాడు. ఉండిపోవడానికే వచ్చానని చెప్పాను. నా చేతుల వైపు చూసి, వేళ్లకి ఏమైందన్నాడు. ముడులు విప్పానన్నాను. ఇంకేమీ అడగలేదు. నన్ను చెయ్యి ఎత్తి, తను చదివిన ప్రమాణాన్ని నా నోటితో అనమన్నాడు, అన్నాను. వేలిముద్ర కోసం సిరా గుడ్డ ముందుకి జరిపాడు. నాకు సంతకం వచ్చని చెప్పి, కలం అడిగి తీసుకున్నాను. తెలుగులో, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాను.

గుమాస్తా ఒక చీటీ మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. పెద్ద కాయితం తరవాత ఎస్టేటుకి పంపిస్తామన్నాడు. చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. తరవాత పులిహోర తిన్న ఆమెని పిలిచారు. నేను లేచి ఆమెకి కుర్చీ ఇచ్చాను.